చెవులు విదిలించేది మీ ప్రయాణం కోసం కాదమ్మా

ప్రశ్న: డాక్టరు గారూ, మాది భీమవరం. అపార్ట్‌మెంట్‌లో రెండో అంతస్తు. మాకు రాకీ అని ఐదేళ్ల మగ కుక్క ఉంది. వీధిలో దొరికిన నాటు కుక్కే. ఆగస్టులో మా అమ్మాయి హైదరాబాద్ హాస్టల్‌కి వెళ్లిపోయింది. అప్పటిదాకా అమ్మాయి గదిలోనే పడుకునేది. ఆ గదికి తాళం వేశాక వీధి గుమ్మం దగ్గర, చెప్పుల స్టాండు పక్కన పడుకుంటోంది. ఈ రెండు నెలల్లో దాని పద్ధతే మారిపోయింది. మేం ఎవరం బయటికి బయలుదేరినా సరిగ్గా అప్పుడే లేచి చెవులు టపటపా విదిలిస్తుంది. హాల్లో గోడ నాకుతుంది. రాత్రి పదకొండు దాటాక బాల్కనీలోకి వెళ్లి మోర ఎత్తి ఏడుస్తుంది. పడుకునే ముందు నాలుగైదు చుట్లు తిరుగుతుంది. కిందికి తీసుకెళ్తే గడ్డి మేస్తుంది. చెప్పులు కొరికేస్తుంది, అదీ అమ్మాయి వదిలి వెళ్లిన చెప్పులే. ఏంటిదని అడిగితే తప్పు చేసినట్టు తల దించుకుంటుంది. మా అత్తగారు ఇదంతా అపశకునం అంటున్నారు. మావయ్యగారు పోయిన రాత్రి కూడా కుక్కలు ఇలాగే ఏడ్చాయట. దీన్ని పొలం దగ్గర వదిలేసి రమ్మంటున్నారు. ఈ 24న మా అబ్బాయికి విజయవాడలో ఇంటర్వ్యూ ఉంది, ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. రాకీకి పిచ్చి పట్టిందా? ఆవిడ మాటలో ఏమన్నా నిజం ఉందా? (పేరు రాయవద్దన్న పాఠకురాలు)

సమాధానం: అమ్మా, ముందు పిచ్చి సంగతి తేల్చేద్దాం. రేబిస్ లక్షణాలు బయటపడ్డ కుక్క సాధారణంగా పది రోజులకు మించి బతకదు. రాకీ రెండు నెలలుగా అన్నం తింటోంది, షికారుకు వస్తోంది, పిలిస్తే పలుకుతోంది. కాబట్టి అది పిచ్చి కాదు. గొంతు మారిపోవడం, చొంగ కారడం, నీళ్లు మింగలేకపోవడం, కారణం లేకుండా ఎదురొచ్చిన దాన్నల్లా కరవడం, ఇవి రెండు మూడు రోజుల్లో ముంచుకొచ్చినప్పుడు భయపడాలి. అయినా ఏటా వేయించాల్సిన టీకా ఈ ఏడాది వేయించారో లేదో ఒకసారి కార్డు తీసి చూడండి. ఏ కుక్క కరిచినా, గీరినా పదిహేను నిమిషాలు సబ్బు నీళ్లతో కడిగి ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలన్నది మాత్రం మీ ఇంట్లో అందరికీ గుర్తుండాలి.

ఇక చెవులు. ఉత్తరం మొత్తంలో నన్ను ఆపింది ఈ ఒక్క విషయమే.

కుక్క చెవులు విదిలిస్తే ప్రయాణం ఆపుకోవాలన్న మాట నేనూ చిన్నప్పటినుంచి విన్నదే. మా నాయనమ్మ అయితే గుమ్మం దాటిన వాణ్ణి కూడా వెనక్కి పిలిచి, కాసేపు కూర్చోబెట్టి, మంచినీళ్లు తాగించి పంపేది. తర్వాత ముప్పై ఏళ్లు పశువైద్యుడిగా పనిచేశాను. నా బల్ల మీదికి వచ్చిన చెవులు విదిలించే కుక్కల్లో చాలావాటికి ఉన్నది ఒకటే, చెవిలో జబ్బు. శకునం చెప్పిందని తిట్లు తిన్న కుక్క నిజానికి చెవి పోటుతో బాధపడుతూ ఉంటుంది.

మరి బయలుదేరేటప్పుడే ఎందుకు విదిలిస్తోంది? దీనికి జవాబు మీరే రాశారు. అమ్మాయి గదికి తాళం పడ్డాక రాకీ చెప్పుల స్టాండు పక్కకు చేరింది. చెవిలో బాధ ఉన్న కుక్క పడుకున్నంతసేపూ బాగానే ఉంటుంది. లేచిందంటే తల కదులుతుంది, లోపలున్న గుబిలి, చీము అటూ ఇటూ జరుగుతాయి, జివ్వున దురద పుడుతుంది, వెంటనే విదిలిస్తుంది. ఇప్పుడు దాన్ని నిద్రలేపేదెవరు? చెప్పుల కోసం స్టాండు దగ్గరికి వచ్చేవాళ్లు. అంటే బయలుదేరేవాళ్లు! మీరు వెళ్తున్నారని అది విదిలించడం లేదు, మీరు లేపారని విదిలిస్తోంది. నమ్మకం కుదరకపోతే ఎవరూ ఎక్కడికీ వెళ్లని ఓ మధ్యాహ్నం, అది గాఢంగా నిద్రపోతున్నప్పుడు మీ అత్తగారిని పక్కన కూర్చోబెట్టుకుని పేరు పెట్టి పిలవండి. లేస్తుంది, విదిలిస్తుంది. అప్పుడు ఆవిడే చెబుతారు ఎవరి ప్రయాణం ఆగాలో.

నిద్ర లేచాక ఒకసారి ఒళ్లంతా దులుపుకోవడం ఏ కుక్కకైనా మామూలే. తల మాత్రమే, పదేపదే, చెవి డొప్పలు చెంపలకు తగిలి శబ్దం వచ్చేలా కొట్టుకుంటుంటే చెవి చూడాలి. ఈ సాయంత్రమే చూడండి. వెలుతురున్న చోట కూర్చుని, ఒకరు మెడ నిమురుతుంటే మీరు డొప్ప పైకెత్తండి. ఆరోగ్యంగా ఉన్న చెవి లోపల లేత గులాబీ రంగులో ఉంటుంది, వాసన దాదాపు ఉండదు. పులిసిపోయిన పిండి వాసన, గోధుమరంగు జిడ్డు ఉంటే ఎక్కువగా ఈస్ట్ అనే బూజు పని. కాఫీ పొడిలా నల్లగా రాలుతుంటే చెవి పురుగులు కావచ్చు. పచ్చగా చీము, కుళ్లు కంపు ఉంటే బాక్టీరియా. చెవి మొదట్లో మెల్లగా నొక్కితే కుయ్యిమని తల లాక్కుంటుందేమో చూడండి. మడతల్లో పిడుదు దాక్కుందేమో కూడా వెతకండి, తెలంగాణలో దాన్నే గోమారి అంటారు. రెండో చెవికీ ఇదే పరీక్ష.

కుక్క చెవి గొట్టం మనకున్నట్టు ఉండదు. పైనుంచి కిందికి దిగి, అక్కడ మలుపు తిరిగి లోపలికి పోతుంది. స్నానం చేయించినప్పుడు పడ్డ నీళ్లు ఆ మలుపులో నిలిచిపోతాయి. మీ భీమవరం ఉక్కలో, వానల కాలంలో అవి ఆరేదెప్పుడు? బూజుకి అంతకంటే మంచి చోటు దొరకదు. అలర్జీ ఉన్న కుక్కలకైతే మందు వాడినా చెవి మళ్లీ మళ్లీ తిరగబెడుతుంది. రాకీ పాదాలు కూడా తెగ నాకుతుంటే ఆ సంగతి డాక్టరుతో తప్పకుండా చెప్పండి.

చేయకూడని పని ఒకటుంది. మనకు చెవి పోటొస్తే వెల్లుల్లి వేసి నూనె కాచి పోసుకోవడం అలవాటు. దీనికి అది వద్దు. కొబ్బరినూనె కూడా వద్దు. ఇంట్లో మిగిలిన మనుషుల చెవి చుక్కలు అసలే వద్దు. లోపల కర్ణభేరికి చిల్లు పడి ఉంటే కొన్ని మందులు వినికిడినే పోగొడతాయి. అందుకే డాక్టరు ముందు గొట్టం లోపలికి చూసి, కాస్త జిడ్డు తీసి మైక్రోస్కోపు కింద పెట్టి, ఆ తర్వాతే చుక్కలు రాస్తారు. ఇయర్‌బడ్ పెట్టి తిప్పితే మురికి బయటికి రాదు, మలుపులోకి ఇంకా దిగుతుంది. మందు ఎన్ని రోజులు వేయమంటే అన్ని రోజులూ వేయండి. నాలుగో రోజుకు వాసన పోతుంది, అందరూ అక్కడే ఆపేస్తారు, నెల తిరిగేసరికి మళ్లీ వస్తారు.

ఆలస్యం చేస్తే ఇంకొకటి జరుగుతుంది. విదిలించి విదిలించి చెవి డొప్పలో రక్తనాళం చిట్లి, లోపల రక్తం చేరి, డొప్ప గారెలా ఉబ్బుతుంది. దాన్ని కోసి కుట్లు వేయాల్సి రావచ్చు. చెవి మందు ఖర్చు ఎంత, ఆపరేషన్ ఖర్చు ఎంత, మీకు చెప్పక్కర్లేదు.

గోడ నాకడం రెండోది. దీన్ని కూడా తేలిగ్గా తీసుకోవద్దు. నేను తీసుకున్నాను కాబట్టే చెబుతున్నా. మా ఇంట్లో ఒక ఆడకుక్క ఉండేది, వంటింటి గచ్చు నాకేది. అన్నం మెతుకుల రుచి మరిగిందనుకుని మూడు నెలలు అదిలించి తరిమాను. అది చిక్కిపోవడం మొదలుపెట్టాక పరీక్షలు చేస్తే పేగుల్లో వాపు బయటపడింది. ఊరందరి కుక్కల్నీ చూసేవాణ్ణి, నా కాళ్ల కింద ఉన్నదాన్ని చూడలేదు.

కెనడాలో మాంట్రియల్ పశువైద్యులు ఇలా నేలలు, గోడలు, సోఫాలు అదేపనిగా నాకే 19 కుక్కల్ని పరీక్షించి 2012లో ఫలితాలు ప్రచురించారు. వాటిలో 14 కుక్కలకు కడుపులోనో పేగుల్లోనో ఏదో ఒక ఇబ్బంది ఉంది. వికారంగా ఉన్నప్పుడు మనం ఉమ్మి మింగుతుంటాం చూడండి, కుక్క దగ్గరున్నదేదో నాకుతుంది. సున్నం నాకుతోంది కాబట్టి కాల్షియం తక్కువైందని చాలామంది సిరప్ కొని పోసేస్తారు. అది ఊహ మాత్రమే, పరీక్ష కాకుండా పోయకండి. పిడుదులు ఎక్కువగా పట్టిన కుక్క రక్తహీనతతో కూడా మట్టి, గోడలు నాకుతుంది. పిడుదు జ్వరం మన దగ్గర చాలా మామూలు. పై పెదవి ఎత్తి చిగుళ్లు చూడండి. గులాబీ రంగులో ఉంటే సరే, తెల్లగా పాలిపోయి ఉంటే రేపటిదాకా ఆగకండి. అలాగే మీ గోడకున్నది పాతకాలపు పెయింటు అయితే అందులో సీసం ఉండొచ్చు, దాన్ని నాకనివ్వడమే ప్రమాదం. అక్కడికి ఏదైనా అడ్డం పెట్టండి.

ఏం పెడుతున్నారో మీరు రాయలేదు. పాలన్నమే అయితే ముందు పాలు ఆపి చూడండి, ఎదిగిన కుక్కల్లో చాలావాటికి పాలు అరగవు. కూర మిగిలిందని ఉల్లి, వెల్లుల్లి ఉన్నది కలపకండి, అవి కుక్క రక్తకణాలను దెబ్బతీస్తాయి.

ఇప్పుడు రాత్రి ఏడుపు. మీ ఉత్తరం మీది తేదీ చూశాను, అక్టోబరు రెండో వారం. చిత్తకార్తె! పెద్దవాళ్లు కుక్కలకూ ఈ కార్తెకూ ముడిపెట్టింది ఊరికే కాదు. వానలు తగ్గుముఖం పట్టే ఈ రోజుల్లోనే మన వీధికుక్కలు ఎక్కువగా జతకడతాయి. ఎదకొచ్చిన ఆడకుక్క వాసన గాలిలో చాలా దూరం పోతుంది. వీధిలో మగకుక్కలన్నీ పోగై గోల చేస్తుంటే, ఐదేళ్ల మగకుక్క రెండో అంతస్తు గ్రిల్లు వెనక నిలబడి ఏం చేస్తుంది, ఏడవక! ఊళ అంటే దూరంగా ఉన్నవాళ్లకు పంపే కబురు. తోడేళ్ల నుంచి వచ్చిన అలవాటు. ఒకటి మొదలుపెడితే రెండు వీధుల అవతలున్నది అందుకుంటుంది. మన చెవికి అందనంత దూరం నుంచి వచ్చే సన్నని చప్పుడు కూడా కుక్కకు వినపడుతుంది. కాబట్టి రాకీ ఏ కూతకు బదులు చెబుతోందో అది మీకు వినబడకపోవచ్చు. అంబులెన్స్ సైరన్‌కీ గుళ్లో శంఖానికీ గొంతు కలపడం కూడా ఈ కోవలోదే. చెవి నయమయ్యాక, ఇక పిల్లలు వద్దనుకుంటే, వృషణాలు తీసే ఆపరేషన్ గురించి డాక్టరుతో మాట్లాడండి. ఈ ఆరాటం బాగా తగ్గుతుంది.

మీ మావయ్యగారు పోయిన రాత్రి కుక్కలు ఏడ్చాయన్నారు. ఏడ్చే ఉంటాయి, ఆవిడ మాట అబద్ధమని నేననను. యముడి దగ్గర రెండు కుక్కలున్నాయని ఋగ్వేదంలోనే ఉంది, కాబట్టి ఈ భయం నిన్నా మొన్నటిది కాదు. అయితే కుక్కలు ఏడవని రాత్రి మన ఊళ్లలో ఏది? మామూలు రోజుల్లో మనం నిద్రలో ఉంటాం, మనకు వినబడదు. మంచం పట్టిన మనిషి ఉన్న ఇంట్లో రాత్రంతా దీపం వెలుగుతుంది, ఎవరో ఒకరు మేలుకునే ఉంటారు. మేలుకున్నవాళ్ల చెవినే ఆ ఏడుపు పడుతుంది. ఆవిడతో ఈ మాట వాదనలా అనకండి. ఆ రాత్రి ఆవిడ పక్కన ఎవరున్నారో, ఏం జరిగిందో అడిగి చెప్పించుకోండి చాలు.

చుట్లు తిరగడం, గడ్డి తినడం గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. గడ్డిలో, ఆకుల్లో పడుకున్న పూర్వీకులు చోటు తొక్కి చదును చేసుకునేవి. మీ గ్రానైట్ మీద చదును చేయడానికేమీ లేదని రాకీకి ఎవరూ చెప్పలేదు. ఎప్పుడూ ఒకే వైపుకు తిరుగుతూ, తల ఓ పక్కకు వాల్చి తూలుతుంటే మాత్రం ఆ రోజే చూపించాలి. చెవి జబ్బు లోపలి చెవికి పాకితే జరిగేది అదే. గడ్డి తింటే కడుపు బాగోలేదని అందరూ అంటారు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ పరిశోధకులు 2008లో ప్రచురించిన సర్వేలో, గడ్డి తినే ముందు తరచూ నలతగా కనిపించే కుక్కలు నూటికి పది కూడా లేవు. తిన్నాక తరచూ వాంతి చేసుకునేవి నూటికి సుమారు 22. అంటే మిగతావి ఊరికే తింటాయి, మనం మామిడికాయ ముక్క నోట్లో వేసుకున్నట్టు. పురుగుమందు కొట్టిన గడ్డి కాకుండా చూసుకోండి, నులిపురుగుల మందు వేళకు వేయండి.

చెప్పుల సంగతి దగ్గర మాత్రం నాకు మనసు కలుక్కుమంది. ఇంట్లో ఇన్ని జతలుండగా అది అమ్మాయి చెప్పులే ఎందుకు వెతుక్కుంటోంది? ఆ ఇంట్లో అమ్మాయి వాసన మిగిలింది వాటిలోనే, గదికేమో తాళం. ఐదేళ్లు ఆ గదిలో పడుకున్న కుక్కకు అమ్మాయి హాస్టల్‌కి వెళ్లిందని ఎవరు చెబుతారు? గుమ్మం దగ్గర పడుకోవడం కూడా ఎదురుచూపే అయి ఉంటుంది. రాత్రి పదకొండు అమ్మాయి దీపం ఆర్పి పడుకునే వేళేనా? అయితే ఆ ఏడుపులో చిత్తకార్తె ఒక పాలు, ఇదొక పాలు.

తల దించుకోవడం తప్పు ఒప్పుకోవడం కాదు. 2009లో న్యూయార్క్‌లో అలెగ్జాండ్రా హొరోవిట్జ్ అనే శాస్త్రవేత్త 14 కుక్కలతో ఒక ప్రయోగం చేశారు. తినొద్దన్న బిస్కెట్‌ను కుక్క తిన్నా తినకపోయినా యజమానికి ఒక్కోసారి నిజం, ఒక్కోసారి అబద్ధం చెప్పారు. ఆ దొంగ చూపు ఎక్కువగా కనిపించింది యజమాని తిట్టినప్పుడు. తప్పు చేసిందా లేదా అన్నదానితో దానికి సంబంధం లేదు. ఏ తప్పూ చేయని కుక్క కూడా తిడితే అలాగే ముడుచుకుంది. మీ గొంతులో కోపం విని రాకీ అంటున్నది ‘కొట్టకు’ అని మాత్రమే. రెండు గంటల క్రితం కొరికిన చెప్పుకు ఇప్పుడు దెబ్బ వేస్తే దానికి అర్థమయ్యేది, అమ్మగారు ఇంటికి రాగానే కొడతారని. కుక్కకాటుకు చెప్పుదెబ్బ సామెతగా బాగుంటుంది, ఇంట్లో పనికిరాదు.

ఆ గది తాళం తీసేయండి. పగలంతా కాకపోయినా రాత్రి పడుకోవడానికి తీయండి. అమ్మాయి వాడిన పాత దుప్పటి, ఉతకనిది, అక్కడ పరవండి. మిగిలిన చెప్పులు బీరువాలో పెట్టి, కొరుక్కోవడానికి గట్టి రబ్బరు బొమ్మ ఒకటి ఇవ్వండి. సాయంత్రం షికారు పావుగంట పెంచండి.

ఈ వారంలోనే పశువైద్యశాలకు తీసుకెళ్లండి. చెవి, కడుపు, రెండూ చూపించండి, మలపరీక్ష, రక్తపరీక్ష అడగండి. ఆసుపత్రిలో భయానికి కుక్క బిగుసుకుపోయి అన్నీ మానేస్తుంది, అందుకని విదిలించేటప్పుడు, గోడ నాకేటప్పుడు ఫోన్‌లో వీడియో తీసి పట్టుకెళ్లండి. అన్నం తిన్న ఎంతసేపటికి నాకుతోందో కూడా నాలుగు రోజులు ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. డాక్టరుకు అది చాలా పనికొస్తుంది.

పొలం దగ్గర వదిలేసే మాట మాత్రం ఇంట్లో మళ్లీ రానివ్వకండి. అపార్ట్‌మెంట్‌లో పెరిగిన కుక్కని అక్కడి కుక్కలు బతకనివ్వవు. తిండీ నీళ్లూ లేక అల్లాడేలా పెంపుడు జంతువును వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద నేరం కూడా.

24వ తేదీ ఉదయం, బాబు చెప్పులు వేసుకోవడానికి అరగంట ముందే రాకీని లేపి కిందికి తీసుకెళ్లండి. ఆ విదిలింపేదో చెట్టు కిందే అయిపోతుంది. అయినా మీ అత్తగారి మనసు ఒప్పకపోతే మా నాయనమ్మ పద్ధతి ఉండనే ఉంది. కాసేపు కూర్చోబెట్టి మంచినీళ్లు తాగించి పంపమనండి, విజయవాడ బస్సులు చాలానే ఉన్నాయి. మధ్యాహ్నానికి కాస్త తీరిక దొరికితే, అప్పటికింకా వెళ్లి ఉండకపోతే, రాకీని ఆసుపత్రికి తీసుకెళ్లండి.